పులుసు అన్న మాట

అరవై దాటాక పెళ్లి చేసుకున్న వకుళ, చిదంబరం కాకినాడ ఫ్లాట్‌లో వంటింటి గోడ ముందు నిలబడ్డారు. ఈ రోజుల్లో గోడకైనా, అద్దానికైనా, బస్సు కిటికీకైనా ఒక్క మాట చెబితే చాలు, ఆ మాట కింద దాచుకున్న పేజీ తెరుచుకుంటుంది. కాకపోతే ఒక ఇంట్లో ఒక మాటకు ఒకే పేజీ. అందుకే కొత్తగా కాపురం పెట్టినవాళ్లు ముందు తమ మాటలు కలుపుకోవాలి.

మందులు, రైళ్లు, కరెంటు బిల్లు అన్న మాటలు ఇట్టే కలిసిపోయాయి.

“పులుసుకు రెండు పేజీలున్నాయి. ఏది ఉంచమంటారు?” అని అడిగింది గోడ.

“నీదే ఉంచు వకుళా,” అన్నాడు చిదంబరం వెంటనే.

“మీది ఎవరు దాచారు?”

“రాజ్యం.” అది పోయిన భార్య పేరు. “తనే రాసుకుంది. ఉత్త బెల్లం పానకంలే, నువ్వు నోట్లో పెట్టుకోలేవు.”

“మరి ఇన్నేళ్లూ ఎందుకుంచారు?”

చిదంబరం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వకుళ గోడకేసి చూసింది. రాజ్యం వెళ్లిపోయాక మిగిలిన మాట అది. దాన్ని కూడా పంపించేయడానికా తను వచ్చింది?

“ఆవిడదే ఉంచు,” అంది గోడతో. “నాది తీసెయ్. నాకు నోటికొచ్చు.”

“అయ్యో, అదేంటి!”

“ఇవాళ ఆ పానకమే చేద్దాం. ఏం తిని మీరింత మెత్తబడ్డారో నాకూ తెలియాలిగా.”

చిదంబరం నవ్వాడు. గోడ దగ్గరికి జరిగి, చాలా ఏళ్ల తర్వాత “పులుసు” అన్నాడు. పేజీ తెరుచుకుంది.

వకుళ గిన్నె అందుకుంది. “ముందు ఏం నానబెట్టాలంట? గట్టిగా చదవండి.”