మే ఐ కమిన్, సార్?

"మే ఐ కమిన్, సార్?"

"నోట్లోనే గొణక్కండి బాబూ. ఇంకోసారి అనండి," అన్నాడు సాలమోను.

బుల్లిరాజు విసుక్కుంటూనే మళ్లీ అన్నాడు. బియ్యే గట్టెక్కాడు గానీ ఇంగ్లీషు ముక్క మాట్లాడమంటే నోరు పెగలదు. చూస్తే బ్యాంకు ఇంటర్వ్యూ రెండు నెలల్లోకి వచ్చేసింది.

డెబ్బై ఎనిమిది నాటి మాట. సాలమోను బీఈడీ చేసి మూడేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. బుల్లిరాజు తండ్రి భీమరాజుగారు ఊరి హైస్కూలు కమిటీకి ప్రెసిడెంటు. "మావాడికి ఉద్యోగం వస్తే ఇంగ్లీషు మాస్టారి పోస్టు మీదేనండి," అని మాటిచ్చారు. సాలమోను భార్య జయమ్మకు నెలలు నిండుతున్నాయి. ఆ పోస్టు వస్తేనే ఇల్లు గడిచేది. అందుకని ప్రాణం పెట్టి చెప్పేవాడు.

"కెన్ అంటే మనకు చేతనైనదండి. లోపలికి రావడం కాళ్లున్నవాడెవడికైనా చేతనవుతుంది. మే అంటే అలా కాదండి, అవతలివాళ్లు రానివ్వాలి. ఏదైనా కావాలంటే కుడ్ యూ ప్లీజ్ అనాలి."

"మరీ అంతలా బతిమాలాలా మాస్టారూ?"

"ఆయ్. ఉద్యోగం కావాలంటే తప్పదండి."

పాఠం చెప్పినంతసేపూ సాలమోను నిలబడే ఉండేవాడు. గొంతు వీధి చివరిదాకా వినిపించేది. ముసురు పట్టిన రోజు పాఠం ఉండేది కాదు. మర్నాడు దానికీ కలిపి చెప్పేవాడు. ఇంటికెళ్లేసరికి కాళ్లు పీకేవి.

"నేను ఆఫీసర్నండి, లోపలున్నాను. మీరేమో బయటున్నారు. అడగండి," అనేవాడు. బుల్లిరాజు పడీపడీ నవ్వేవాడు.

నవ్వితే నవ్వాడు, ఉద్యోగం మాత్రం కొట్టాడు! భీమరాజుగారు ఊరంతా పూతరేకులు పంచిపెట్టారు. సాలమోను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లి పోస్టు సంగతి కదిపాడు.

"ఏమనుకోకండి మాస్టారూ, కమిటీలో నేనే వద్దన్నానండి," అన్నారు భీమరాజుగారు, ఎంతో మర్యాదగా. "మీరు పాఠం చెప్పే పద్ధతి కళ్లారా చూసేను కదండీ. ఒక్కనాడైనా మావాడి పక్కన కూర్చున్నారా? పుస్తకంలో వేలు పెట్టి చూపించేరా? ఎంతసేపూ దూరం నుంచి అరుపులే. అరవై మంది పిల్లల్ని మీ చేతికెలా అప్పగిస్తామండి?"

సాలమోనుకు ఎంత మాట వచ్చిందో నోటిదాకా! మింగేసి, "ఆయ్" అన్నాడు.

ఆ రెండు నెలలూ కొడుకును గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, సాలమోనును గుమ్మం తొక్కనివ్వకుండా కిటికీ ఊచల బయట వాకిట్లో నిలబెట్టి పాఠం చెప్పించింది ఆ భీమరాజుగారే.