ముంచే ముందు

బాప్తిస్మపు తొట్టెలో, నడుం లోతు నీళ్ళలో నిలబడి, నా బావమరిది మెడ వెనక చెయ్యి వేశాను. జీవితమంతా నన్ను "ఆమేన్ బావ" అని పదిమందిలో వెక్కిరించినవాడు ఇప్పుడు తెల్లబట్టల్లో వణుకుతున్నాడు. కాస్త ఎక్కువసేపే ముంచుదామనుకున్నాను.

"ముందు నిజం చెప్పు. నిన్ను మార్చింది నా ఏ ప్రసంగం?" అన్నాను చెవిలో.

అలమారాల కొద్దీ పుస్తకాలు చదివి రాసిన ప్రసంగాలవి. ఒక్కటైనా ఎవరికైనా తగిలిందో లేదో తెలియక నాకు ఇప్పటికీ సరిగ్గా నిద్ర పట్టదు.

"నీ ప్రసంగాలా? వాటికి నేను గురక పెట్టేవాణ్ణి కదా బావా!"

"మరెందుకొచ్చావురా?"

"అక్క మంచాన పడ్డాక చర్చి పని వదిలేసి ఇంట్లో ఉండిపోయావు చూడు, అప్పుడోసారి చెప్పకుండా వచ్చాను. తను పాడుచేసిన దుప్పటి ఉతుకుతూ, తనని నవ్వించడానికి నాలాగా మాట్లాడి చూపిస్తున్నావు. అక్క పడీపడీ నవ్వుతోంది. గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాను. నీ దేవుడెవరో కనుక్కోవాలని ఆ రోజే అనిపించింది."

నా పాస్టరు సేవను మధ్యలో తెంపేశాడని, ఆ రోజుల గురించే నేను ఆ దేవుడితో ఇప్పటికీ పోట్లాడుతున్నాను.

"ముంచు బావా, చలేస్తోంది," అన్నాడు వాడు.