గట్టి పుట్టలకే వైద్యం

అచ్చియమ్మ చీమ ఉండే పుట్టలో పాడు జబ్బొకటి పుట్టింది. సొంత చీమలే కొన్ని చెడిపోయి, గుడ్లు తినేస్తున్నాయి. వాటిలాంటివే రోజురోజుకీ పెరిగిపోతున్నాయి. కాపలా చీమలేమో వాసన చూసి, "మనోళ్లేలే" అని వదిలేస్తున్నాయి.

మడుగు కాడ తాబేలు వైద్యుడున్నాడు. ఏ పుట్టకి జబ్బు చేస్తే ఆ పుట్ట కాపలా చీమల్నే తీసుకుని, చెడిపోయినవాటి పొట్ట కింద ఉండే ఎర్రమచ్చని పసిగట్టడం నేర్పి, తిరిగి పంపిస్తాడు. అవి వెళ్లి చెడ్డవాటిని ఏరిపారేస్తాయి. "నా చేతిలో ఒక్క పుట్టా పోలేదు" అని తాబేలు మడుగంతా చాటుకుంటాడు.

అచ్చియమ్మ పుట్టలో ఇంకా మిగిలిన కొద్దిపాటి కాపలా చీమల్ని వెంటేసుకుని వెళ్లింది.

తాబేలు వాటిని ఎగాదిగా చూశాడు. "మీ పుట్ట మరీ నీరసించిందమ్మా. నేను గట్టి పుట్టల్నే తీసుకుంటాను. కాస్త కోలుకున్నాక రా."

"కోలుకుంటే నీ మొహం చూడ్డానికి వస్తానా, తాతా?"

"నేర్పాక కూడా మీరు పోతే నా పేరు పోద్ది."

"నేర్పకపోతే మా పిల్లలు పోతారు! నీ పేరు పోతే ఇంకోటి పెట్టుకో!"

తాబేలు తల లోపలికి లాక్కున్నాడు. అచ్చియమ్మ ఊరుకోలేదు. వీపెక్కి, డిప్ప అంచున నోరు పెట్టి అరిచింది. "అయితే ఒక్క పుట్టా పోలేదని చెప్పుకోడం మానెయ్! పోయేవాళ్లని దగ్గరికే రానివ్వనని చెప్పు!"

మడుగులో కప్పలన్నీ తలలెత్తి వింటున్నాయి. తాబేలు వాటి వంక చూస్తూ తల బయటపెట్టాడు.

"బతుకుతారని మాట మాత్రం ఇవ్వలేను."

"మాటెవరడిగారు? ముందు వీళ్లకి నేర్పు," అని అచ్చియమ్మ కిందికి దిగి, కాపలా చీమల్ని ముందుకు తోసింది.