నాలుగో బ్యాండు

“ఆ కార్పెట్ తీసెయ్యుండ్రి!” అంది కృపారాణి, చెప్పులు విడిచి వేదిక ఎక్కుతూనే.

వికారాబాద్ మైదానంలో వేదిక కట్టినవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. పొద్దున్నే చెమటోడ్చి పరిచిన ఎర్ర కార్పెట్ అది. కానీ అడిగింది కృపారాణి. ఆమె పాట పెట్టనిదే ఈ చుట్టుపక్కల ఏ పెళ్లి బరాత్ కదలదు. వెంటనే చుట్ట చుట్టేశారు. అడుగున చెక్కలు తేలాయి.

“డప్పులోల్లు ఏరి?”

వేదిక కింద నుంచి శ్రీను చెయ్యెత్తాడు.

“కిందెందుకున్నరు తమ్మీ? పైకి రాండ్రి. నా పక్కకే నిలబడాలె. గీ చెక్కల మీదనే.”

శ్రీను డప్పు భుజాన వేసుకుని ఒక్క ఉదుటున ఎక్కేశాడు. తాండూరులో ఆటో నడుపుతూ, పిలిచినచోటికల్లా వెళ్లి డప్పు కొట్టే మనిషి. ఎంత పెద్ద సభ అయినా డప్పు వాళ్ల చోటు వేదిక కిందే. తండ్రిదీ అంతే, తాతదీ అంతే. అలాంటిది స్టార్ సింగర్ పక్కన, సమానంగా! ఫోన్ తీసి ఇంటికి ఫొటో పంపేదాకా అతనికి కాలు నిలవలేదు.

ప్రోగ్రాం మొదలవడానికి ముందు, మైదానం మూల గడ్డి మంట వేసి డప్పులు కాచుకుంటుంటే నవీన్‌కుమార్ వచ్చాడు. కృపారాణి మొదటి బ్యాండులో కీబోర్డు వాయించినవాడు. ఇప్పుడు చర్చిలో వాయించుకుంటున్నాడు.

“మస్తు ఖుషీగున్నవ్ గదా శ్రీనూ? నేను గూడ గిట్లనే ఉంటి,” అన్నాడు కన్ను గీటి.

“గట్ల బెదిరియ్యకన్నా!”

“బెదిరిచ్చుడు గాదురా, ఉన్నమాటే. మాతోని ఉన్నన్ని దినాలు కీబోర్డు, ఫ్లూటు. జోలపాటల లెక్క మెత్తగ పాడుతుండె. పరిగి ఢోలక్ బ్యాండు రాంగనే పాటకు ఊపొచ్చింది. వాళ్లను గూడ పంపిచ్చి హైదరాబాద్ డ్రమ్ములోల్లను తెచ్చింది. గంతే, జోలపాటలు గాయబ్! అన్నీ డ్యాన్సు పాటలే. ఇప్పుడు మీతోని సవాల్ జవాబ్ పాటలు. ఆమె ఒక మాట అంటది, డప్పు జవాబిస్తది.”

“మరి నిన్నెందుకు తీసేసిందన్నా?”

నవీన్‌కుమార్ మంటలో ఇంత గడ్డి వేశాడు. “జోరు లేదన్నది. ఇంకెంత జోరు గావాల్నో ఆమెకు! గదే రా, పెద్ద కళాకారులంటే. ఒక్కదాంట్ల తృప్తి ఉండదు.”

అతను అటు వెళ్లాడో లేదో కృపారాణి చెల్లెలు స్నేహలత పరుగున వచ్చింది. అక్క ఫోన్లూ ప్రోగ్రాములూ అన్నీ చూసేది ఆ అమ్మాయే.

“శ్రీనన్నా, ఒక్కటి యాదుంచుకో. అక్క నీ చేతులనే చూస్తది. ఎవ్వరు అడ్డం రావొద్దు. జర గట్టిగ కొట్టు.”

“ఇయ్యాల మంచిగ అయితే మమ్మల్ని ఉంచుకుంటదా?”

స్నేహలత చూపు దించుకుంది. “సేడం దిక్కు పెద్ద డోళ్ల బ్యాండు ఉన్నదట. వాళ్ల నంబరు తెమ్మన్నది.”

శ్రీను డప్పును మళ్లీ మంట దగ్గర పెట్టాడు. ఎక్కిన వేదికను ఇంత తొందరగా దిగాలా? దిగనుగాక దిగనని మనసులోనే ఒట్టు పెట్టుకున్నాడు.

ఎండ వాలకముందే మైదానం నిండిపోయింది. కృపారాణి చెక్కల మీద పాదాలు ఆనించి, కళ్లు శ్రీను చేతుల మీద నిలిపి ఎత్తుకుంది.

“కందిచేను గట్టు మీద కాలుబెట్టినోడా...”

ధనాధన్ జవాబిచ్చింది డప్పు. ఆమె నవ్వింది. ఇంకో మాట విసిరింది, అది సాధన చేసినప్పుడు లేని మాట! శ్రీను కూడా సాధనలో లేని దెబ్బ వేశాడు. దానికి ఆమె అక్కడికక్కడే కొత్త చరణం అల్లింది. జనం ఈలలు. శ్రీను ఒళ్లంతా పూనకం వచ్చినట్టయింది. ఇంతసేపూ ఆమె వెనక వాయిస్తున్నాననుకున్నాడు. కాదు, ఇద్దరూ కలిసి పాట కడుతున్నారు!

సరిగ్గా అప్పుడు స్పీకర్లు గర్రుమని ఆగిపోయాయి.

మైకు చచ్చిపోయింది. పక్కనున్న డప్పు అతను గాభరాగా గొణిగాడు, “ఆపుదామా?”

శ్రీను కృపారాణి వైపు చూశాడు. ఆమె పాదం తాళం వేస్తూనే ఉంది. గొంతు సాగుతూనే ఉంది. మొహంలో కంగారు ఇసుమంతైనా లేదు.

“ఆమెనే ఆపలేదు, మనమెందుకు ఆపాలెరా? కొట్టు!”

వేదిక పక్కన స్నేహలత రెండు చేతులూ ఊపుతోంది. అక్క అటు చూస్తేగా! వెనక వరుసల జనం వినపడక లేచి ముందుకు ఉరికారు. ముందున్నవాళ్లు పాట అందుకున్నారు. చూస్తుండగానే మైదానం మొత్తం ఒక్క గొంతై పాడింది. స్పీకర్లు ఉన్నప్పుడు కూడా అంత హోరు ఎవరూ వినలేదు. మళ్లీ స్పీకర్లు మోగేసరికి పాట చివరికొచ్చింది. జనం వేదిక మీదికి పూలు విసిరారు. నవీన్‌కుమార్ అయితే కుర్చీ ఎక్కి ఎగురుతున్నాడు.

వేదిక వెనక స్నేహలత కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. సంతోషం పట్టలేకపోతోందనుకున్నాడు శ్రీను.

“అక్కా!” అని పిలిచాడు. కృపారాణి తిరగలేదు. “అక్కా!” మళ్లీ పిలిచాడు. ఆ హోరులో ఎవరికి వినిపిస్తుంది? చుట్టు తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

ఆమె అతని చేతులు రెండూ పట్టుకుంది. “తమ్మీ, ఇగ బ్యాండు మార్చ. ఎప్పటికి మీరే ఉండాలె.”

శ్రీనుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందం ఆపుకోలేక గడగడా అనేశాడు, “నీకు దండం పెట్టాలె అక్కా! మైకు బందయినా ఎంత ధైర్యంగ పాడినవ్! ఇంకొకలయితే ఆగిపోతుండ్రి!”

కృపారాణి చూపు అతని పెదవుల మీదే నిలిచిపోయింది. మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“మైకు ఎప్పుడు బందయింది తమ్మీ?”