కరాళుడి మొహం

"రాక్షసరాజుకి ఏడుపు మొహం ఏంటండీ?" అంటూ ప్రసన్నకుమార్ 'ఉప్పుకోట' నవల నాలుగో భాగాన్ని బల్ల మీద పెట్టాడు.

రాజమండ్రి పుస్తకాల ఎగ్జిబిషన్లో ఆ స్టాలు ముందు గుమిగూడిన వాళ్ళందరూ 'ఉప్పుకోట' అభిమానులే. వాళ్ళ వాట్సాప్ గ్రూపుకి ప్రసన్నకుమార్ అడ్మిన్. ముఖచిత్రం మీద కొమ్ముల కరాళుడు ఏటిగట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఒక భుజం వాలిపోయి ఉంది. కిరీటం ఒళ్ళో ఉంది.

"పొలంలో క్యారేజీ విప్పుకుని కూర్చున్నట్టు లేడూ?" అన్నాడు గణేష్‌బాబు. అందరూ నవ్వారు.

ఆ బొమ్మ వేసిన మెర్సీ స్టాలు లోపలే, పుస్తకాల కట్టల పక్కన నిలబడి ఉంది. నాలుగు భాగాలకీ బొమ్మలు ఆమెవే.

"వింటున్నావుగా అమ్మా," అన్నాడు ప్రచురణకర్త పల్లంరాజు ఇబ్బందిగా. "ఆఖరి భాగానికి వేరే ఆర్టిస్టుని పెట్టమంటున్నారు. కొనేవాళ్ళ మాట కాదని నేనేం చేయను? చేతులెత్తించి తేల్చేద్దాం."

"బొమ్మలు కూడా అన్నం పెడతాయని మా ఇంట్లో నమ్మింది ఈ పుస్తకాలొచ్చాకేనండి," అంది మెర్సీ. "కరాళుణ్ణి మొదట్నుంచీ నేనే గీశాను. ఆఖరిసారి కూడా నన్నే గీయనివ్వండి."

పల్లంరాజు సమాధానం చెప్పేలోపు ఒక పెద్దావిడ జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది. పేరు సంపూర్ణమ్మ. పాలకొల్లు నుంచి బస్సులో వచ్చింది. వెనకాలే మనవరాలు తబిత, చేతిలో గుడ్డసంచీతో.

"ఈ పుస్తకాలకి పనిచేసినవాళ్ళు ఎవరు బాబూ? థాంక్స్ చెప్పి పోదామని వచ్చాను. ఇవిగో, పూతరేకులు."

సంచీలోంచి నాలుగు భాగాలూ తీసి బల్ల మీద పేర్చింది. నాలుగింటికీ చర్చి క్యాలెండరు కాగితంతో అట్టలు వేసి ఉన్నాయి. పైదాని మీద గొర్రెపిల్లని ఎత్తుకున్న కాపరి బొమ్మ.

తబిత ఒకడుగు వెనక్కి వేసింది. ఆ అట్టలు వేసింది తనే. కొమ్ములవాడు కంటపడితే సైతాను బొమ్మంటూ మామ్మ ఆ పుస్తకాన్ని గుమ్మం తొక్కనివ్వదని, కొన్న ప్రతిసారీ దార్లోనే క్యాలెండరు కాగితం చుట్టి సెల్లోటేపు అంటించి మరీ ఇంటికి తీసుకెళ్ళేది. కాపరి బొమ్మ చూసి మంచి పుస్తకమేననుకుని మామ్మ చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు సాయంత్రం ప్రార్థన అవగానే అదే పని.

"మామ్మగారూ, మీరు చెప్పండి. ఈ ముఖచిత్రం మీకు నచ్చిందా?" అడిగాడు ప్రసన్నకుమార్.

"మా ఇంట్లో ఏ పుస్తకానికైనా అట్ట వేసే ఉంటుంది బాబూ."

"నాలుగు భాగాలు చదివి బొమ్మే చూడలేదా!" గణేష్‌బాబు పగలబడి నవ్వాడు.

సంపూర్ణమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

పల్లంరాజుకి ఏదో తోచింది. బల్ల మీద పుస్తకాలన్నీ గబగబా బోర్లించేశాడు. "మీరు సరిగ్గా టయానికి వచ్చారండి. కరాళుడు మీకెలా కనపడ్డాడో చెప్పండి. మీ మాట మీదే తేల్చేద్దాం. ఏమంటారు?"

"మాకు ఓకే," అన్నాడు ప్రసన్నకుమార్ ధీమాగా. "చెప్పండి మామ్మగారూ. కోరలు, నిప్పులు కక్కే కళ్ళు. అంతేనా?"

మెర్సీ చున్నీ కొసని వేలికి బిగించి చుట్టుకుంది.

"కోరలు ఉంటాయి, రాక్షసుడు కదా," అంది సంపూర్ణమ్మ. "కానీ సొంత తమ్ముణ్ణి చేతులారా చంపుకున్నవాడి కళ్ళల్లో నిప్పులెక్కడుంటాయి బాబూ? తుఫాను వెలిశాక, తిరిగిరాని పడవ కోసం గట్టు మీద కూర్చునే వాళ్ళ మొహాలు చూశారా ఎప్పుడైనా? అలా ఉంటాడు. తమ్ముడి శవాన్ని కోట దాకా మోసిన భుజం మళ్ళీ పైకి లేవదు. ఆ నెత్తురంటిన కిరీటం నెత్తిన పెట్టుకోబుద్ధి కాదు, ఏట్లో పారేయడానికీ చేతులు రావు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు, పాపం."

పల్లంరాజు ఒక పుస్తకాన్ని తిరగేసి అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. గట్టు, వాలిన భుజం, ఒళ్ళో కిరీటం.

గణేష్‌బాబు తల దించుకున్నాడు. ప్రసన్నకుమార్ ఆ పుస్తకాన్ని అందుకుని చాలాసేపు చూశాడు. "నేను కొమ్ములు చూసి ఊరుకున్నానండి," అన్నాడు. తర్వాత మెర్సీ వైపు తిరిగి, "సారీ అండి. ఆఖరిదీ మీరే వేయాలి."

"ఇంకెవరు వేస్తారు?" అన్నాడు పల్లంరాజు.

మెర్సీ సంపూర్ణమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "బతికించారండి."

"నేనేం చేశానమ్మా. నీ చెయ్యి చల్లగా ఉండాలి," అంటూ సంపూర్ణమ్మ పూతరేకుల డబ్బా ఆమె చేతిలో పెట్టింది. "నాలుగో దాని మీద నీ సంతకం పెట్టివ్వు."

మెర్సీకి అందిద్దామని తబిత ఆ పుస్తకం తెరిచింది. అట్ట మడతల మీద తను అంటించిన సెల్లోటేపు లేదు. దాని బదులు ఎండిపోయిన అన్నం మెతుకులు అతుక్కుని ఉన్నాయి. మిగిలిన మూడూ తెరిచి చూసింది. అన్నిటికీ అంతే.

"మామ్మా," అంది తబిత గొంతు తగ్గించి.

సంపూర్ణమ్మ మనవరాలి చెవి దగ్గరికి వంగింది. "అట్ట వేసి ఉంటుందన్నాను. విప్పి చూడలేదని అన్నానా?"