కలపడానికి కారణమేమిటి?

“గొడుగు పాతదే. మడతపీటా పాతదే. రెండూ కలిపి గొడుగుపీట చేయడం ఎవరికైనా తట్టేదే సార్. దీనికి పేటెంటు ఇవ్వక్కర్లేదు,” అంది ఆమె.

“ఎందుకు?” అన్నాడు పెద్దాయన.

పేటెంటు ఆఫీసులో ఆయన్ని వెనకాల అందరూ ‘ఎందుకు సార్’ అనే పిలుస్తారు. కింద పనిచేసే పరిశీలకులు ఏ దరఖాస్తు తోసిపుచ్చినా ఆ ఒక్క ముక్కతో వాళ్లను ముప్పుతిప్పలు పెడతాడు.

“చూశాక అందరూ తెలివైనవాళ్లేనమ్మాయ్. చూడకముందు ఆ పని తెలిసినవాడికి ఆ రెండూ కలపాలని ఎందుకు తోచాలి? కారణం చూపించు.”

“ఆరుబయట నిలబడేవాడికి ఎండతోనూ బాధే, కాళ్లతోనూ బాధే. గొడుగులో లేనిది పీటలో ఉంది, పీటలో లేనిది గొడుగులో ఉంది. కలపొద్దని ఎక్కడా రాసి లేదు. పైగా గొడుగు చేసినవాడే, కూర్చునే వీలు కూడా ఉంటే బాగుండునని తన పేటెంటులో వాపోయాడు.”

“ఆఁ, ఇప్పుడు దారికొచ్చావు,” అంటూ ఆయన సంతకం గీకేశాడు.

మామూలుగా అయితే ఆమె కాగితాలు తీసుకుని లేచి వెళ్లిపోయేదే. ఇవాళ లేవలేదు. వచ్చేవారం ఆమెకు వేరే ఊరికి బదిలీ. తల్లిని రమ్మంటే కుట్టుమిషనునూ ఖాతాదార్లనూ వదిలి రానంటుంది. ఏ రంగు చొక్కాకైనా నీలం దారంతోనే గుండీ కుట్టే మొండి మనిషి, ఊరు మారమంటే మారుతుందా? ఒంటరిగా ఎలా ఉంటుందోనన్న దిగులు కూతుర్ని తినేస్తోంది. మనసులో ఒక ఉపాయం ఉంది గానీ ఇన్నాళ్లూ నోరు పెగల్లేదు. ఇప్పుడు పెద్దాయన సూత్రమే చేతికి చిక్కింది.

“ఇంకో కేసుంది సార్. కాగితాల మీద లేదు.”

“చెప్పు.”

“ఒకాయన ఉన్నాడు. భార్య పోయి చాలా కాలమైంది. సాయంత్రం ఇంటికెళ్లి పేపరు పైకి చదువుతాడు, వినేవాళ్లు లేరు. ఒకావిడ ఉంది. భర్త పోయాక బట్టలు కుట్టి కూతుర్ని చదివించింది. కుట్టుమిషనుతో మాట్లాడుతుంది, అది బదులు చెప్పదు.”

పెద్దాయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“అయితే? కలపడానికి కారణమేమిటి?”

“ఇద్దరి బాధా ఒకటే. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గరుంది. కలవొద్దని ఎక్కడా రాసి లేదు.”

“ముందే ఎవరైనా సూచించారా?”

“ఆయనే సూచించాడు సార్! కోటు వదులు చేయించుకోవడానికి మా ఇంటికొచ్చాడు. వారం తిరక్కుండానే బిగించమని వచ్చాడు. ఆ తర్వాత మళ్లీ వదులు చేయమన్నాడు. మనిషి మాత్రం అంతే ఉన్నాడు.”

“కోటుదే లోపమేమో!”

“వేళాకోళం కాదు సార్,” అంది. “నేను వెళ్లిపోతే అమ్మ ఒక్కత్తే అయిపోతుంది. ఆఫీసులో అటెండరుతో సహా అందరికీ తట్టింది, మీ ఇద్దరికే తట్టలేదు. ఈ ఒక్క కేసూ ఒప్పుకోండి.”

ఆయన ముఖం గంభీరంగా పెట్టాడు.

“వాదన బాగుంది. కానీ కేసు కొట్టేస్తున్నాను.”

ఆమె ప్రాణం ఉసూరుమంది. “ఎందుకు?” అంది, మొదటిసారి ఆయన మాట ఆయనకే అప్పజెబుతూ.

“కలపాలని ఎవరికైనా తట్టేదేనా అన్న ప్రశ్న ఎప్పుడొస్తుంది? ఆ కలయిక అప్పటికింకా జరక్కపోతేనే. ముందు అది జరిగిందో లేదో వెతకాలి. నువ్వు వెతకలేదు.”

కళ్లజోడు పెట్టుకోవడానికి ఆయన చెయ్యెత్తాడు. తెల్ల చొక్కా ముంజేతి గుండీ నీలం దారంతో కుట్టి ఉంది.

ఆమె ముందుకు వంగి ఆ దారాన్ని వేలితో తడిమి చూసింది.

“నీకు నన్నే చెప్పమంది మీ అమ్మ. నాకూ ఇన్నాళ్లూ నోరు పెగల్లేదు,” అన్నాడాయన తలొంచుకుని. “మా పెళ్లి పోయిన నెలే అయిపోయింది.”