వరస తప్పిన డిస్కులు

ఈ కథలో ఒక్క మాట కూడా నేను కల్పించింది కాదు. నమ్మకపోతే ములకలపల్లి వెళ్లి ఎవర్నైనా అడగండి, నేను ఆపను.

"డిస్కులకి బొట్లు పెట్టిందెవరు?"

మేనేజరు వెంకటప్పయ్య గొంతుకు కంప్యూటర్ గది అద్దాలు గల్లుమన్నాయి. లాల్‌సింగ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అక్కడి అడవి అంచున ఉన్న కాగితం మిల్లులో అతను కంప్యూటర్ ఆపరేటర్. చేరి ఇంకా ఏడాది తిరగలేదు, ఉద్యోగం పర్మనెంటూ కాలేదు.

నిన్న దసరా. మిల్లులో ఎవరి మిషన్‌కు వాళ్లు పూజ చేసుకుంటుంటే, ఇతనూ భార్య ద్వాలిని తీసుకొచ్చి తన మిషన్ చూపించాడు. ఆమె మురిసిపోయి, పెట్టెలో వరసగా నిలబెట్టిన ఐదు డిస్కులకూ బొట్లు పెట్టింది. పొద్దున వచ్చి చూస్తే, అసలు ఆ పెట్టె ఒకటి ఉందన్న సంగతే సర్వర్‌కు తెలియడం లేదు. తూకం చీటీలు రావడం లేదు. జామాయిలు కర్రతో వచ్చిన లారీలు గేటు దగ్గర్నుంచి రోడ్డు దాకా బారులు తీరాయి. డ్రైవర్లు హారన్లు కొట్టి కొట్టి మేనేజరు వంశాన్నంతా స్మరిస్తున్నారు.

"నేనే పెట్టిన సార్," అన్నాడు లాల్‌సింగ్.

"కంప్యూటర్‌కి బొట్టేంటయ్యా? అదేమన్నా బర్రెనా, బండా? చదువుకున్నోడివి, ఇంకా ఈ మూఢనమ్మకాలేంటి? డేటా వెనక్కి రాకపోతే సాయంత్రానికి నీ సామాను సర్దుకో."

ఖమ్మం నుంచి జీపులో వచ్చిన ఇంజనీరు మంగీలాల్ ఈ గోలంతా పట్టించుకోకుండా డిస్కుల పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. వైర్లు పీకి చూశాడు, పెట్టి చూశాడు, పెట్టెకు చెవి ఆనించి విన్నాడు.

"డిస్కులు చెడిపోలే సార్. వరసే మారింది. ఎవరో అన్నిట్ని బయటికి గుంజి, మళ్ల యాడ పడితే ఆడ దోపిండ్రు. మీ లెక్కలన్నీ ఈ ఐదింటి మీద ముక్కలు ముక్కలుగ ఉంటయ్. వరస తప్పితే సర్వర్‌కు ఒక్క ముక్క అర్థం కాదు."

"విన్నావా? బొట్లు పెట్టడానికి బయటికి లాగావన్నమాట," అన్నాడు వెంకటప్పయ్య.

మంగీలాల్ లాల్‌సింగ్ వైపు తిరిగాడు. "తమ్మీ, ఏది యాడుండెనో మంచిగ యాది చేసుకో. తప్పు వరసల పెట్టి నడిపిస్తే ఉన్నది గూడ పోతది."

లాల్‌సింగ్ డిస్కుల మీద చెయ్యి వేస్తే కదా. తను అటు తిరిగినప్పుడు ద్వాలి గాని లాగిందేమోనని లోపల గుబులు. నేరమైతే నెత్తిన వేసుకున్నాడు గాని, వరస ఎక్కడినుంచి తెచ్చి చెప్తాడు?

"యాదికి లేదు సార్."

అప్పుడే ద్వాలి సద్ది గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. మొగుడి మొహం చూడగానే ఆమెకు సగం సంగతి తెలిసిపోయింది. మిగతా సగం మేనేజరు మొహం చెప్పింది.

"ఆయనను ఏమనకుండ్రి సారూ. బొట్లు పెట్టింది నేను."

"నువ్వు ఊకో," అన్నాడు లాల్‌సింగ్.

"ఎందుకు ఊకోవాలె? నీకు బొట్టు పెట్టుడు వస్తదా? మన లగ్గంల నా నొసట పెట్టమంటే ముక్కు మీద పెట్టినవ్."

మంగీలాల్ నవ్వు ఆపుకున్నాడు. "డిస్కులు నువ్వే గుంజినవా చెల్లె?"

"లేదన్నా. ఉన్నకాడనే పెట్టిన. కుంకుమల ఒక్కపాలే వేలు ముంచి, మళ్ల ముంచకనే ఎడమ దిక్కు నుంచి అద్దుకుంట పోయిన. మా ఆయన జల్దీ జల్దీ అని ఒకటే తొందర. ఆఖరి దానికి సరిగ అంటనే లేదు." గొంతు తగ్గించింది. "దానికి కోపమొచ్చిందా అన్నా?"

ఆ మాటకు మంగీలాల్ గబుక్కున పెట్టె వైపు తిరిగాడు. టార్చి వేసి డిస్కుల మొహాలు చూశాడు. ఒకదాని మీద బొట్టు చిక్కగా, రూపాయి బిళ్లంత ఉంది. ఇంకోదాని మీద కాస్త పలచన. మరోదాని మీద దోమ కుట్టినంత.

"సాలు చెల్లె," అన్నాడు.

చిక్కటి బొట్టున్న డిస్కు ఎడమ చివరికి పోయింది. పలచబడే కొద్దీ ఒక్కొక్కటే దాని పక్కకు చేరింది. నాలుగు దీపాలు పచ్చగా వెలిగాయి. ఐదో డిస్కు మాత్రం లోపలికి పోనని మొరాయించింది. గట్టిగా నెడితే కరకరమంది. దాని దీపం ఎర్రగానే ఉంది.

"లోపల ఏందో అడ్డమున్నది," అంటూ మంగీలాల్ డిస్కు బయటికి లాగి, ఆ ఖాళీలోకి చెయ్యి పెట్టి తీశాడు. గుప్పెట్లో పసుపు బియ్యం.

అందరూ ద్వాలి వైపు చూశారు.

"నేను బొట్లే పెట్టిన. బియ్యం నాయి కావు," అంది ద్వాలి.

మంగీలాల్ చెయ్యి దులపబోయాడు.

"ఆగాగు, కింద పడెయ్యకు." వెంకటప్పయ్య ఒక్క అంగలో వచ్చి దోసిలి పట్టాడు. "భద్రాద్రి రాములోరి కల్యాణం తలంబ్రాలయ్యా అవి. కాలికింద పడితే పాపం."

ఈసారి అందరూ మేనేజరు వైపు తిరిగారు.

"అయితే సార్, డిస్కులు గుంజింది..." అన్నాడు మంగీలాల్.

"నిన్న అందరూ వెళ్లాక వచ్చాను," వెంకటప్పయ్య నసిగాడు. "ముందర పోస్తే జారిపోతున్నాయి. వెనక పోస్తేనే కదా మిషన్‌కి ముట్టేది? అందుకే డిస్కులు లాగి పోశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయని చేతికి దొరికింది దొరికినట్టు పెట్టేశాను. అయినా తలంబ్రాల వల్ల చెడు జరుగుతుందా ఎక్కడన్నా? ఈ బొట్ల వల్లే అనుకున్నాను."

ఐదో డిస్కు సర్దుకుని కూర్చుంది. సర్వర్‌కు పెట్టె కనపడింది. గేటు దగ్గర మొదటి లారీ కదిలింది. ద్వాలి సద్ది గిన్నె విప్పి, మొగుడికంటే ముందు మంగీలాల్‌కు పెట్టింది. లాల్‌సింగ్ ఆ రోజు దేనికీ అలిగే స్థితిలో లేడు. వెంకటప్పయ్య తలంబ్రాలను రుమాల్లో మూటగట్టుకుని, సిగ్గుతో తల దించుకుని వెళ్లిపోయాడు.

అంతా జరిగిందే. ఆ సిగ్గుపడటం ఒక్కటే నేను కల్పించింది. నిజానికి ఆయన గుమ్మం దగ్గర ఆగి, "నేనే కాస్త తక్కువ పోసుంటాను, అందుకే ఇట్టా అయింది. వచ్చే దసరాకి ఇంకో గుప్పెడు పోద్దాం," అన్నాడు.